తల తిరగడానికి కారణం దొరకడం లేదు, వైజాగ్‌లో ఏ చెవి డాక్టర్‌కి చూపించాలి?

సీతమ్మధార_టీచర్ · నవంబర్ 3, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇక ఓపిక అయిపోయి రాస్తున్నాను. నా వయసు 46. స్కూల్లో లెక్కలు చెబుతాను.

జూన్‌లో బడులు తెరిచిన వారం. తెల్లవారుజామున పాల ప్యాకెట్ తీసుకుందామని మంచం మీద నుంచి లేవబోయాను. గోడ మీద క్యాలెండర్, బీరువా, ఆపి ఉన్న ఫ్యాన్ అన్నీ గిర్రున తిరిగాయి. భూకంపం అనుకుని మా ఆయన్ని లేపాను. ఆయన లేచేసరికి ఆగిపోయింది. అప్పటి నుంచి ఐదు నెలలు, ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది.

మొదట చూపించిన చోట గ్యాస్ అన్నారు. రెండో చోట మెడ ఎక్స్‌రే తీసి స్పాండిలోసిస్ అని కాలర్ పెట్టించారు. ఆ కాలర్‌తో క్లాసుకి వెళ్తే పిల్లలు నా ముందు నవ్వలేక చచ్చారు. మూడో చోట నరాల బలహీనత అని బీ12 సూదులు పది. బ్రెయిన్ ఎంఆర్ఐ నార్మల్. షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్. ఆఖరున చూసినాయన ఫైలంతా తిరగేసి "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అన్నారు. ఏమీ లేకపోతే మొన్న బోర్డు మీద రాస్తూ ఎందుకు తూలిపోయాను?

ఇప్పుడు అందరూ చెవి డాక్టర్‌కి చూపించమంటున్నారు. నాకు చెవి నొప్పి లేదు, చీము లేదు, బాగానే వినిపిస్తుంది. తల తిరగడానికి చెవికి సంబంధం ఏమిటి? నిజంగా ఉంటే మన ఊళ్ళో ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

పైత్యం_పెద్దమ్మ · రాత్రి 9:32

ఇది పైత్యమే తల్లీ. మా అమ్మమ్మ జీలకర్ర నానబెట్టిన నీళ్ళు, నిమ్మకాయ పులుసు ఇచ్చేది. ఖాళీ కడుపుతో టీ తాగడం ముందు మానెయ్.

గాజువాక_రిటైర్డ్ · రాత్రి 9:50

అమ్మా, నేను స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. చెవికి సంబంధం ఏమిటన్నారు కాబట్టి నాకు తెలిసిన భాషలో చెబుతాను. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం ఉంటుంది చూడండి, గాజు గొట్టంలో బుడగ. లోపలి చెవిలో దేవుడు అలాంటివే పెట్టాడు, ఒక్కో వైపు మూడు గొట్టాలు, మూడూ మూడు దిక్కులకి. తల ఎటు తిప్పితే అటు లోపలి ద్రవం కదిలి మెదడుకి కబురు వెళ్తుంది. అవి కాక సున్నపు రాయి లాంటి సన్నటి పలుకులు ఇంకో గదిలో జిగురు మీద అంటుకుని ఉంటాయి. ఆ పలుకులు ఊడి గొట్టంలో పడ్డాయనుకోండి, మనం కదలడం ఆపినా గొట్టంలో అవి దొర్లుతూనే ఉంటాయి. రసమట్టం అబద్ధం చెబుతుంది. ఇల్లు తిరిగినట్టు ఉంటుంది.

దాన్ని బీపీపీవీ అంటారు. నాకు అదే వచ్చింది. మందు లేదు, మాత్ర లేదు. తలని ఒక వరసలో తిప్పి ఆ పలుకులని మళ్ళీ గదిలోకి పంపిస్తారు. ఎప్లీ అని పేరు. వీడియోలు బోలెడు ఉన్నాయి. రేపు పొద్దున్నే ఇంట్లో చేసుకోండి, మధ్యాహ్నానికి తగ్గిపోతుంది.

వినికిడి_గది · రాత్రి 10:20

గాజువాక రావు గారూ, రసమట్టం పోలిక బాగుంది, రేపటి నుంచి నేనూ వాడుకుంటాను. కానీ ఆఖరి రెండు వాక్యాలు ఒప్పుకోను. ఏ చెవి? ఏ గొట్టం? అది తెలియకుండా ఎప్లీ చేస్తే ఉపయోగం ఉండదు. మెడ బాగా అరిగినవాళ్ళకి, మెడ ఆపరేషన్ అయినవాళ్ళకి అసలు చేయకూడదు.

నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు, ఈ బ్యాలెన్స్ పరీక్షలు చేసేది మేమే. మేడమ్, "తల తిరుగుతోంది" అని మన తెలుగులో ఒకే మాట అంటాం గానీ దాని కింద నాలుగు సంగతులు దాక్కుంటాయి. గదంతా గిర్రున తిరగడం ఒకటి. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మి చీకట్లు రావడం ఇంకొకటి, ఇది ఎక్కువగా బీపీ పడిపోవడం వల్ల. నడుస్తుంటే తూలడం, తల మాత్రం బాగానే ఉండటం మూడోది. బుర్ర దిమ్ముగా, దూది కూరినట్టు ఉండటం నాలుగోది. మీది ఏది? ఒక్కోసారి ఎంతసేపు ఉంటుంది? సెకన్లా, గంటలా, రోజులా? దేనికి వస్తుంది, పక్క మీద దొర్లితేనా, నిలబడితేనా, ఊరికే కూర్చున్నా వస్తుందా? అప్పుడు చెవిలో హోరు, చెవి మూసుకుపోయినట్టు ఉండటం, తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఏమైనా ఉన్నాయా?

ఎంఆర్ఐ చెప్పలేనిది ఈ ప్రశ్నలు చెబుతాయి. పరీక్ష బల్ల ఎక్కకముందే సగం సంగతి ఇక్కడే తేలుతుంది.

నైట్_షిఫ్ట్_నర్స్ · రాత్రి 11:05

ఇది చదివేవాళ్ళందరికీ ఒక మాట, సీతమ్మధార అక్క గురించి కాదు. తల తిరగడంతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో స్వాధీనం తప్పినా, ఆసరా లేకుండా నిలబడలేకపోయినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా చెవి డాక్టర్ కోసం వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి. చిన్న మెదడుకి రక్తం ఆగినప్పుడు ఇలాగే మొదలవుతుంది, మొదటి గంటల్లో సీటీ తీస్తే కనిపించకపోవచ్చు కూడా. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు "నిమ్మరసం తాగి పడుకుంటే పోతుంది" అనుకోవద్దు.

ఇంకోటి. ఉన్నట్టుండి ఒక చెవి వినిపించడం మానేస్తే అది కూడా అర్జెంటే. గుబిలి అనుకుని వారాలు గడిపేస్తారు. స్టీరాయిడ్ మందు త్వరగా మొదలుపెడితేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశం.

పైత్యం_పెద్దమ్మ · రాత్రి 11:11

నన్నే అన్నావు కదూ నర్సమ్మా. సరే, బాగానే చెప్పావు.

నిర్వాహకులు · నవంబర్ 4, ఉదయం 7:00

డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టిన మూడు పోస్టులు తీసేశాం. ఎవరికి ఎక్కడ అన్యాయం జరిగిందో కూడా ఆసుపత్రి పేరుతో రాయకండి. జరిగింది రాయండి, చాలు.

ఆవకాయ_మానేసిన_మనిషి · ఉదయం 8:40

పేర్లు వద్దన్నారు కాబట్టి దారి మాత్రం చెబుతాను. నాలుగేళ్ళు తిరిగి నేర్చుకున్నది.

మన ఊళ్ళో చెవి, ముక్కు, గొంతుకి విడిగా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, పెదవాల్తేరులో. ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం. చాలామందికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) తెలుసు గానీ ఇది తెలియదు. పొద్దున్నే వెళ్ళి ఓపీ చీటీ రాయించుకోవాలి. ప్రైవేటులో అయితే రామ్‌నగర్ చుట్టూ, అటు ఆరిలోవ హెల్త్ సిటీలో చాలా ఉన్నాయి. ఎక్కడికైనా సరే, వెళ్ళే ముందు ఫోన్ చేసి మూడు మాటలు అడగండి. తల తిరిగే కేసులు ప్రత్యేకంగా చూసేవాళ్ళు ఉన్నారా? ఆడియాలజిస్ట్ ఏ రోజుల్లో ఉంటారు? వీఎన్‌జీ, అంటే కళ్ళ కదలికలు చూసి చెవి బ్యాలెన్స్ తేల్చే పరీక్ష, అక్కడే చేస్తారా, బయటికి రాస్తారా? ఈఎన్‌టీ డాక్టర్లందరూ చెవి చూస్తారు గానీ చాలామంది రోజంతా టాన్సిల్స్, సైనస్, కర్ణభేరి ఆపరేషన్లలోనే ఉంటారు. తల తిరగడం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు వేరు. రిసెప్షన్‌లో అమ్మాయి "వీఎన్‌జీ అంటే ఏంటండీ" అని తిరిగి అడిగితే ఇంకో చోటికి ఫోన్ చేయడమే.

నాది మినియర్స్, లోపలి చెవి జబ్బు. పేరు పెట్టడానికి ఏడాదిన్నర పట్టింది. ముందు కుడి చెవి దిబ్బడ పడుతుంది, లోపల సముద్రం హోరులాంటి చప్పుడు మొదలవుతుంది. నేను బీచ్ రోడ్డుకి దగ్గర్లోనే ఉంటాను, మొదట్లో నిజంగా సముద్రమే అనుకున్నాను, నవ్వకండి. ఆ తర్వాత రెండు మూడు గంటలు గది తిరుగుతుంది, వాంతులు. మర్నాడు మామూలు మనిషిని. డాక్టర్ దగ్గరికి వెళ్ళేసరికి ఏమీ ఉండదు, చెవి కూడా బాగానే వినిపిస్తుంది. చివరికి ఒక ఆడియాలజిస్ట్ అమ్మాయి "అటాక్ వచ్చిన రోజే రండి, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు" అంది. ఆ రోజు ఆటోలో పడుకుని వెళ్ళాను. వినికిడి పరీక్షలో సన్న శబ్దాలన్నీ బాగున్నాయి, బొంగురు శబ్దాల దగ్గర గీత కిందికి జారిపోయింది. ఆ ఒక్క కాగితంతో పేరు దొరికింది.

ఉప్పు తగ్గించమన్నారు. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు మానేశాను. ఉప్పు మానితే అందరికీ తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదని మా డాక్టరే చెప్పారు. నాకు మాత్రం అటాక్‌లు తగ్గాయి. మందు వల్లో, ఎండు నెత్తళ్ళు మానడం వల్లో దేవుడికే తెలియాలి. మానినందుకు బాధ మాత్రం ఇంకా ఉంది.

రుషికొండ_కోడర్ · ఉదయం 9:25

అన్నా, నాకు గది తిరగదు. పడవలో ఉన్నట్టు ఊగుతూ ఉంటుంది, రోజంతా. కూర్చుంటే తక్కువ, మాల్‌లో అరల మధ్య నడిస్తే, ఫోన్‌లో వేగంగా స్క్రోల్ చేస్తే ఎక్కువ. ఏడు నెలలైంది. పరీక్షలన్నీ నార్మల్. మొదట ఒక వారం పాటు భయంకరంగా తల తిరిగి మంచాన పడ్డాను, అది తగ్గింది గానీ ఇది మిగిలింది.

వినికిడి_గది · ఉదయం 10:10

తమ్ముడూ, ఇక్కడ కూర్చుని రోగం పేరు పెట్టకూడదు. కానీ మీరు డాక్టర్‌తో ఈ మాట అనండి: "పీపీపీడీ అయ్యుంటుందా?" లోపలి చెవి దెబ్బ తగ్గిపోయాక కూడా మెదడు భయంతో కాపలా మానకుండా ఉండటం అది. మూడు నెలలకి పైగా, చాలా రోజులు ఉండాలి, నిలబడినా నడిచినా రద్దీ దృశ్యాలు చూసినా పెరగాలి. 2017లోనే దానికి అందరూ ఒప్పుకున్న లక్షణాల పట్టిక వచ్చింది, అందుకే చాలామంది పాత డాక్టర్లు టెన్షన్ అని పంపేస్తారు. టెన్షన్ ఉంటుంది, కాదనను, కానీ అదొక్కటే కాదు. బ్యాలెన్స్ వ్యాయామాలు, కొందరికి మాత్రలు, మాటలతో చేసే చికిత్స, ఇవన్నీ ఉన్నాయి. మీరు ఊహించుకుంటున్నది మాత్రం కాదు.

సీతమ్మధార_టీచర్ · రాత్రి 8:30

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. వినికిడి గది గారు అడిగినవాటికి జవాబు రాద్దామని కూర్చుంటే నాకే తెలియదని తేలింది! ఐదు నెలలుగా "ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది" అని చెబుతున్నాను, అది నిజం కాదు. పిల్లలకి "లెక్కలో దత్తాంశం రాయండి" అని గొంతు చించుకునేదాన్ని, నా లెక్కకి దత్తాంశమే లేదు. రేపటి నుంచి నోట్‌బుక్‌లో రాస్తాను. పది రోజులు రాసి వస్తాను.

ఒక అనుమానం. మొదటి నుంచీ ప్రోక్లోర్‌పెరాజిన్ రోజుకి మూడు వేసుకుంటున్నాను. మానొచ్చా?

నైట్_షిఫ్ట్_నర్స్ · రాత్రి 10:45

ఐదు నెలలా?! అక్కా, అది వాంతులు, తిప్పుడు భరించలేని రెండు మూడు రోజులకి ఇచ్చే మాత్ర. ఎక్కువ రోజులు వాడితే మెదడు తనంతట తాను సర్దుకోవడం ఆలస్యం అవుతుంది. మా మామగారికి ఇలాగే ఏడాది వాడారు, ఆపమని ఎవరూ చెప్పలేదు. చేతులు వణకడం, కాళ్ళు ఈడ్చడం మొదలైంది. పార్కిన్‌సన్స్ అని ఇంకో మందు మొదలుపెట్టబోయారు. ఒక పెద్దాయన పాత చీటీలన్నీ చూసి ఈ మాత్ర ఆపించాక నెలల మీద తగ్గింది. మీరంతట మీరు ఆపకండి, కానీ ఈ వారమే రాసిన డాక్టర్‌ని అడగండి. ఎన్నాళ్ళు వాడాలి అని సూటిగా అడగండి.

గాజువాక_రిటైర్డ్ · నవంబర్ 5, ఉదయం 6:15

మొన్న ఎప్లీ గురించి గొప్పగా రాశాను, ఒక సంగతి దాచాను. నాకు తగ్గిన ఉత్సాహంలో మా ఇంటావిడకి తల తిరిగితే నేనే చేశాను. ఆవిడది ఎడమ చెవి, నేను కుడి వైపు చేశాను. తగ్గలేదు సరికదా పక్క మీదే వాంతి. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. వినికిడి గది గారి మాటే వినండి.

పెదజాలారిపేట_కుర్రాడు · నవంబర్ 7, సాయంత్రం 6:50

అన్నలూ, ఏటనుకోకండి, మధ్యలో అడుగుతన్నాను. మా నాన్నకి 58. వేటకెళ్తాడు. ఈయనకి గది తిరగదు, వాంతి లేదు, చెవులు బాగానే ఇనపడతాయి. పగలు పర్వాలేదు. చీకటి పడితే గోడ పట్టుకుని నడుస్తాడు. ఇసకలో అయితే తాగినోడిలా తూలిపోతాడు, ఆయన తాగడు, ఒట్టు. నడుస్తుంటే ఎదురుగా ఉన్న బోర్డులు ఎగురుతున్నట్టు కనిపిస్తాయంట, ఆగితే సరిగ్గా కనిపిస్తాయంట. కళ్ళజోడు రెండుసార్లు మార్చాం. ముసలితనం అంటున్నారు. 58 ముసలితనమా?

వినికిడి_గది · రాత్రి 7:30

తమ్ముడూ, ఒక ప్రశ్న. నాన్నగారికి ఎప్పుడైనా వారాల తరబడి సూదులు వేశారా? టీబీకి గానీ, పెద్ద ఇన్‌ఫెక్షన్‌కి గానీ?

పెదజాలారిపేట_కుర్రాడు · రాత్రి 7:41

అవునన్నా!! టీబీ రెండోసారి తిరగబెట్టినప్పుడు రెండు నెలలు సూదులు వేశారు. నేను అప్పుడు చిన్నోడిని. ఆ తర్వాత నుంచే వేటలో వల లాగేటప్పుడు ఇబ్బందిగా ఉందనేవోడు. నీకెలా తెలిసింది?

వినికిడి_గది · రాత్రి 8:25

మీరు చెప్పిన మూడు మాటల వల్ల. చీకటి, ఇసక, ఎగిరే బోర్డులు.

ఆ రోజుల్లో టీబీ రెండోసారి వస్తే ఇచ్చే కోర్సులో స్ట్రెప్టోమైసిన్ సూదులు ఉండేవి. ప్రాణం నిలబెట్టే మందే, తప్పు పట్టను. కానీ అది, జెంటామైసిన్ లాంటివి కొందరిలో లోపలి చెవిలోని బ్యాలెన్స్ కణాలని చంపేస్తాయి, వినికిడి జోలికి పెద్దగా పోకుండా. రెండు చెవులూ సమానంగా దెబ్బతింటే గది తిరగదు, ఎందుకంటే రెండు వైపుల కబురూ ఒకేలా తగ్గిపోయింది. అందుకే ఎవరికీ చెవి మీద అనుమానం రాదు. మనిషి మూడు కాళ్ళ మీద నిలబడతాడనుకోండి: చెవి, కళ్ళు, పాదాలు. చెవి పోయింది, అందుకే నడుస్తుంటే చూపు నిలవక బోర్డులు ఎగురుతాయి. చీకట్లో కళ్ళు పోతాయి. ఇసకలో పాదాలు పోతాయి.

ఇది నా ఊహ మాత్రమే, పరీక్ష చేసి తేల్చాలి. కానీ తేలేలోపు ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: నాన్నగారిని ఒంటరిగా నీళ్ళలో దిగనివ్వకండి, రాత్రి వేటకి అసలు పంపకండి. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి నీళ్ళ అడుగున పైన ఏది, కింద ఏది తెలియదు. ఎంత ఈతగాడైనా సరే.

పెదవాల్తేరు ఆసుపత్రి మీకు దగ్గరే. రేపే తీసుకెళ్ళండి. పాత టీబీ కార్డు ఉంటే తప్పకుండా పట్టుకెళ్ళండి.

ఆవకాయ_మానేసిన_మనిషి · రాత్రి 9:02

ఈ పోస్ట్ చదివి ఒళ్ళు గగుర్పొడిచింది. కుర్రాడా, పోయొచ్చాక తప్పకుండా రాయి.

సీతమ్మధార_టీచర్ · నవంబర్ 16, రాత్రి 9:00

నోట్‌బుక్ పూర్తయింది. ఉన్నది ఉన్నట్టు కొంత రాస్తున్నాను.

5వ తేదీ తెల్లవారు 5:10, ఎడమ పక్కకి తిరిగాను. గిర్రున. మా ఆయన ఫోన్‌లో టైమర్ పెట్టారు, 25 సెకన్లు. మళ్ళీ కుడికి, ఏమీ లేదు. 6, 7 తేదీల్లో అంతే, ఎడమకే. 8న పై అరలో నుంచి పప్పు డబ్బా తీయబోతే 15 సెకన్లు.

10, కార్తీక సోమవారం. ఉపవాసం. సాయంత్రం నాలుగున్నరకి స్కూల్ నుంచి వస్తుంటే మొదలైంది. ఇది వేరే రకం. తిరగడం తక్కువ, ఊగడం ఎక్కువ. ఎదురు వచ్చే బండ్ల లైట్లు కళ్ళలో గుచ్చుకున్నాయి. పక్కింటివాళ్ళ గుడి మైకు భరించలేకపోయాను. తలనొప్పి లేదు. రాత్రి పదకొండింటికి తగ్గింది. అంటే ఆరున్నర గంటలు. 13న నిద్ర సరిగ్గా లేదు, మళ్ళీ అదే, మూడు గంటలు. అప్పుడే గుర్తొచ్చింది, పెళ్ళికి ముందు నాకు ఒంటి కణత నొప్పి విపరీతంగా వచ్చేది, మా అమ్మ పసుపు పట్టు వేసి చీకటి గదిలో పడుకోబెట్టేది. ఇరవై ఏళ్ళుగా రాలేదు కాబట్టి ఏ డాక్టర్‌కీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

మిగతా రోజుల్లో ఏమీ లేదు. ఏమీ లేని రోజులు ఆరు ఉన్నాయి! అది చూసి నాకే ఆశ్చర్యం. ఆ ఆరు రోజులూ పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాలంటే భయం వేసింది, అంతే.

మాత్ర రాసిన డాక్టర్‌కి ఫోన్ చేశాను. "ఇంకా వేసుకుంటున్నారా?" అన్నారు. ఆయన ఐదు రోజులకే రాశారట, మందుల షాపువాడు పాత చీటీ చూసి ఇస్తూ పోయాడు, నేను కొంటూ పోయాను. ఎవరిని తిట్టాలి? ఆపేశాను. మంగళవారం అపాయింట్‌మెంట్ దొరికింది.

వినికిడి_గది · రాత్రి 9:40

మేడమ్, నా దగ్గరికి వచ్చే వందమందిలో ఇలా రాసుకొచ్చేవాళ్ళు ఒకరుంటే గొప్ప. ఈ కాగితమే చూపించండి, ఎంఆర్ఐ ఫైలు తర్వాత ఇవ్వండి. ఇంకో చిట్కా: మంగళవారం లోపు తెల్లవారు వస్తే మీ వారిని మీ కళ్ళని దగ్గరగా వీడియో తీయమనండి. కళ్ళు మూసుకోకండి, ఎంత భయం వేసినా. ఆ సమయంలో కనుగుడ్లు ఎటు కొట్టుకుంటాయో చూస్తే ఏ గొట్టమో తెలిసిపోతుంది.

సీతమ్మధార_టీచర్ · నవంబర్ 19, రాత్రి 8:10

వెళ్ళొచ్చాను. ఈఎన్‌టీ డాక్టర్ మొదట కాగితం చదివారు. రెండుసార్లు. తర్వాత మా ఆయన తీసిన వీడియో చూశారు. అప్పుడు బల్ల మీద కాళ్ళు చాపి కూర్చోమని, తల ఎడమకి సగం తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టారు, తల బల్ల అంచు దాటి కిందికి. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత వచ్చింది చూడండి. ఆవిడ చెయ్యి గీరేశాను. ఆవిడ మాత్రం ఎంతో సంతోషంగా "ఉంది, ఉంది, కళ్ళు తెరిచే ఉంచండి" అన్నారు. ఐదు నెలల్లో నన్ను పడుకోబెట్టి చూసిన మొదటి డాక్టర్ ఆవిడే. మిగతావాళ్ళందరూ కుర్చీలోనే చూశారు, కుర్చీలో నాకెప్పుడూ రాదు!

దాన్ని డిక్స్ హాల్‌పైక్ పరీక్ష అంటారట, 1952 నుంచీ ఉంది, యంత్రం అక్కర్లేదు, బల్ల చాలు. అక్కడే ఎప్లీ చేశారు. ఒక్కో భంగిమలో నిమిషం లోపు. రెండోసారి చేసి మళ్ళీ పడుకోబెడితే ఏమీ తిరగలేదు. మా ఆయన ముఖం చూడాలి అప్పుడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఆవిడ 10వ తేదీ దగ్గర వేలు పెట్టి "ఇది మాత్రం ఆ పలుకుల పని కాదు, పలుకులు ఆరున్నర గంటలు తిప్పవు" అన్నారు. వినికిడి పరీక్ష, వీఎన్‌జీ రాశారు. పాత మాత్ర ఆపి కొన్ని రోజులైంది కాబట్టి మర్నాడే చేయొచ్చన్నారు.

ఈ రోజు వీఎన్‌జీ. కాటుక పెట్టుకోవద్దని ముందే చెప్పలేదు, అక్కడ స్పిరిట్ దూదితో తుడుచుకుంటుంటే మా అబ్బాయి "అమ్మా, ఏడ్చినట్టున్నావు" అన్నాడు. కళ్ళకి నల్లటి జోడు పెట్టి లోపల కెమెరాతో చూస్తారు. చివర్లో చెవిలోకి ఒకసారి వేడి నీళ్ళు, ఒకసారి చల్లవి. 44 డిగ్రీలు, 30 డిగ్రీలు, ఒంటి వేడికి ఏడు ఎక్కువ, ఏడు తక్కువ అన్నమాట. లెక్కల టీచర్ని కదా, అది మాత్రం నచ్చింది. ఆ నీళ్ళకి తల తిరగాలి, తిరిగితేనే చెవి పని చేస్తున్నట్టు.

గాజువాక_రిటైర్డ్ · రాత్రి 8:35

ఆ నీళ్ళ పరీక్ష వెనక పెద్ద కథ ఉందమ్మా. బారనీ అని వియన్నా డాక్టర్, రోగుల చెవులు కడుగుతుంటే నీళ్ళు చల్లగా ఉంటే తల తిరుగుతోందంటున్నారని గమనించి కనిపెట్టాడు. 1914కి నోబెల్ ఇచ్చారు. ఆ కబురు అందేసరికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యావాళ్ళకి బందీ. రిటైరయ్యాక ఇలాంటివి చదవడమే నా పని.

సీతమ్మధార_టీచర్ · నవంబర్ 24, సాయంత్రం 7:20

రిపోర్టులు వచ్చాయి. వినికిడి రెండు వైపులా సమానంగా బాగుంది, కాబట్టి మినియర్స్ అనుమానం ప్రస్తుతానికి లేదట. రెండు చెవుల బ్యాలెన్స్ కూడా బాగుంది. గంటల తరబడి వచ్చేది వెస్టిబ్యులర్ మైగ్రేన్, అంటే తల తిప్పే మైగ్రేన్, కావొచ్చన్నారు. తలనొప్పి లేకుండా మైగ్రేన్! దాన్ని పట్టే పరీక్ష ఏదీ లేదట, మిగతావి కాదని తేల్చి, ఎన్నిసార్లు, ఎన్ని గంటలు అని లెక్కపెట్టి చెప్పాలట. ఐదు అటాక్‌లైనా ఉండాలి, ఒక్కోటి ఐదు నిమిషాల నుంచి 72 గంటల లోపు. నోట్‌బుక్‌లో స్పష్టంగా ఉన్నవి రెండు, పాతవి గుర్తున్నంత వరకు ఇంకో మూడు నాలుగు. అందుకే "కావొచ్చు" అన్నారు, ఇంకో నెల రాయమన్నారు. నిద్ర, వేళకి తిండి, ఉపవాసాలు వద్దు. మా అత్తగారికి ఈ ఆఖరి మాట డాక్టర్ చేతే చెప్పించాను.

అంటే నాకు ఒకటి కాదు, రెండు. ఒక్క పేరు కోసం వెతుకుతుంటే ఒక దానికి చెప్పిన లక్షణం ఇంకో దానికి అడ్డం పడేది. సెకన్లు అని చెబితే గంటల సంగతి ఏమిటనేవారు, గంటలు అంటే పక్క మీద దొర్లితే ఎందుకొస్తుందనేవారు. విటమిన్ డి కూడా చాలా తక్కువ ఉంది, అది తక్కువైతే పలుకులు మళ్ళీ ఊడే అవకాశం ఎక్కువట, దానికి మందు ఇచ్చారు. కాలర్ అటకెక్కింది.

ఈ రోజు ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. తిరగలేదు. కానీ తిప్పే ముందు ఐదు నిమిషాలు ధైర్యం చాలలేదు.

రుషికొండ_కోడర్ · రాత్రి 8:00

టీచర్ గారూ, నేనూ నోట్‌బుక్ కొన్నాను. నాకు వ్యాయామాలు మొదలుపెట్టారు. చేస్తుంటే ముందు ఎక్కువవుతుందని చెప్పారు, నిజంగానే ఎక్కువైంది. మూడో వారానికి చూస్తాను.

పెదజాలారిపేట_కుర్రాడు · నవంబర్ 28, మధ్యాహ్నం 1:15

అన్నా, వినికిడి గది అన్నా. నాన్నని తీసుకెళ్ళాను. తలని చిన్నగా గభాలున తిప్పి కళ్ళు చూసే పరీక్ష చేశారు. రెండు వైపులా కళ్ళు వెనకబడుతున్నాయంట. నువ్వు చెప్పిందే. పోయిన కణాలు రావంట, కళ్ళతోటీ కాళ్ళతోటీ సర్దుకోవడం నేర్పిస్తారంట. నాన్న ఏం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం "అయితే నాకు పిచ్చి కాదు, ముసలితనం కాదు" అన్నాడు. రాత్రి వేట మానిపించాం, మా చిన్నాన్న పడవలో పగలు మాత్రం వెళ్తన్నాడు, లైఫ్ జాకెట్ వేసుకోమంటే సిగ్గుపడతన్నాడు. మెట్ల దగ్గర రెండు లైట్లు పెట్టించాను.

వినికిడి_గది · మధ్యాహ్నం 1:50

సిగ్గు పడితే నేనొచ్చి వేయిస్తానని చెప్పండి. ఇకముందు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా జెంటామైసిన్, అమికాసిన్ లాంటి సూదుల వల్ల చెవి దెబ్బతిందని ముందే చెప్పాలి. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించి ఆధార్ కార్డుతో పాటు పెట్టండి.

మధురవాడ_సుధ · నవంబర్ 30, రాత్రి 10:20

కొత్తగా చేరాను, మొత్తం చదివాను. రేపు పొద్దున పదింటికి నాకు వీఎన్‌జీ. టిఫిన్ తిని వెళ్ళొచ్చా? చాలా భయంగా ఉంది.

సీతమ్మధార_టీచర్ · రాత్రి 10:31

ఏడింటికి ముందు ఒక ఇడ్లీ తిని ఆపేయండి, కాఫీ వద్దు. బీపీ, షుగర్ మాత్రల సంగతి ఇప్పుడే వాళ్ళకి ఫోన్ చేసి అడగండి, మీ అంతట మీరు ఆపకండి. స్కూటీ మీద వెళ్ళకండి, తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి. కాటుక పెట్టుకోకండి.